స్వామి మేని నీలము



కృష్ణ శబ్దమునకు నలుపు అని అర్థము. అట్లయినచో చిత్రపటములలో స్వామిని నీలముగా ఏల వ్రాయుదురని పిల్లలు అడుగుచుందురు. ఆకాశమువలె అనంతుడు గనుక అని చెప్పి ఊరకుండుట మనకు అలవాటు. ఆ మాట తప్పు కాదు గాని, అందు చిత్రకారుని చేతికి చోటు లేదు.

మొదట శబ్దమును విచారింతము. సంస్కృతమున నీల శబ్దము నేటి నీలిరంగుకే పరిమితము కాదు. కారుమబ్బునకు, కురులకు కూడ చెల్లును. నీలవేణి యన్నచో నల్లని జడ గలదనియే గదా అర్థము! శిల్పికి ఇందు చిక్కు లేదు; నల్లరాతిలో మూర్తిని మలచిన చాలును. చిక్కంతయు చిత్రకారునిదే.

శ్రీకాళహస్తి కలంకారీ పని చూచినవారికి ఇది తేటపడును. కరక్కాయ, పాలు కలిపిన నీట గుడ్డను తడిపి ఆరబెట్టి, ఇనుపముక్కలు, బెల్లము వేసి పులియబెట్టిన నల్లని ద్రవముతో గీతలు వ్రాయుదురు. కన్నులు, కిరీటము, హారములు, పీతాంబరపు మడతలు, సమస్తము ఆ గీతలోనే యుండును. మేనిని కూడ నలుపుతో నింపినచో గీత అందు కలిసిపోవును. స్వామి కన్నులే కానరావు! కావుననే నలుపునకు దగ్గరి చుట్టమైన నీలము అచట నిలిచినదని మేము తలంచుచున్నాము.

ఆ నీలమును పట్టించుటయు సులభము కాదు. పూర్వపు పద్ధతిలో నీలము అక్కరలేని చోటులన్నిటిని కరగిన మైనముతో కప్పి, గుడ్డను నీలిమందు తొట్టిలో ముంచెడివారు. తొట్టిలోని ద్రవము నీలముగా నుండదు, పసుపు కలిసిన ఆకుపచ్చగా నుండును. గుడ్డ పైకి వచ్చి ప్రాణవాయువు సోకిన పిమ్మటనే కన్నుల యెదుట నీలము పుట్టును.

గోడచిత్రముల నీలము వేరు. 5వ శతాబ్దినాటి అజంతా చిత్రములలో కనిపించు నీలము రాజావర్తమను రాతి పొడి. ఆఫ్ఘనిస్థానపు బదఖ్షాన్ కొండలనుండి వచ్చినది. ఆ కొండల రాతినే ఐరోపా చిత్రకారులు సముద్రమున కావలిదను అర్థమున అల్ట్రామెరీన్ అని పిలిచి, బంగారముతో తూగు వెలనిచ్చి కొని, మరియమాత పైవస్త్రమునకు వాడిరి. 1826లో ఫ్రాన్సు దేశీయుడు గిమే దానిని కృత్రిమముగా చేసిన తరువాతనే అది అందరికిని అందినది.

మొక్కనుండి వచ్చు నీలి చౌకయని తలంపరాదు. దాని వెలను రైతు చెల్లించెను. బెంగాలులో తెల్లదొరలు నిర్బంధించి నీలి వేయింపగా 1859లో రైతులు తిరుగబడిరి. బీహారులోని చంపారనున ఇరువది పాళ్ల పొలములో మూడుపాళ్లు నీలి వేయవలెనను కట్టడి యుండెను. 1917లో గాంధీమహాత్ముడు అచటికి వెళ్లిన పిమ్మట 1918 నాటి చట్టముతో అది తొలగినది. ఆ సరికే, 1897లో జర్మనీ రసాయనిక నీలి అంగళ్లకు వచ్చి, మన నీలిసాగు కుంగియుండెను. మన కడపసీమలో కూడ ఈ మొక్క విరివిగా పండెడిది. నేటి పిల్లలకు దాని ఆకు గుర్తుపట్టుటయే కష్టము.

ఇప్పుడు మన ఇండ్లలోని అచ్చుపటములలో స్వామి మేనిది కర్మాగారపు నీలమే. మైనము కప్పి అద్దిన పాత తెర ఎచ్చటనైన కంటబడినచో, స్వామి మేని చుట్టునున్న తెల్లని చోట పరికించి చూడుడు. మైనము చిట్లిన సందులగుండ నీలి పాకి, వెంట్రుకలవలె సన్నని గీతలు అక్కడక్కడ కానవచ్చును.