కుక్క నోటబడ్డ కోడిని బతికించుకోవడం ఎలా?

నందిగామ, జగ్గయ్యపేట మెట్టలో నాటుకోళ్లని పొలంలో వదిలేవాళ్లకి కుక్క, ముంగిస, అడవిపిల్లి బెడద తెలిసిందే. విడిపించిన కోడి లేచి తిరుగుతోంది కదా అని వదిలేయొద్దు. పంటి గాటు పైకి చిన్నగానే ఉంటుంది, లోపల లోతుగా దిగుతుంది. ఆ తర్వాత పట్టే చీము, పురుగులే ప్రాణం తీస్తాయి.

1. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో కాసేపు అదిమి పట్టండి.

2. ఈకలు పక్కకి తీసి, రెక్కల కింద, వీపు, తోక దగ్గర వెతకండి. లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు వేసి మరిగించి, గోరువెచ్చగా అయ్యాక గాయం కడగండి. కడిగే పద్ధతి వీడియోలో చూడండి.

3. తడి ఆరాక పసుపు పెట్టండి. ఈగలు వాలకుండా గాయం చుట్టూ మాత్రమే వేపనూనె రాయండి. కిరోసిన్, సున్నం వద్దు, పచ్చి కండ కాలిపోతుంది.

4. గంప కింద విడిగా, వెచ్చగా ఉంచండి. రక్తం కనిపిస్తే తోటి కోళ్లే పొడుస్తాయి. నీళ్లు ముందు పెట్టండి, నోట్లో పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

5. రోజూ రెండుసార్లు గాయం చూడండి. వాసన, వాపు, పురుగు కనిపించినా, మేత ముట్టకపోయినా పసుపుతో ఆగకండి. పశువైద్యుణ్ని కలవండి, లేదా 1962కి ఫోన్ చేయండి. యాంటీబయాటిక్ వాడితే డాక్టరు చెప్పినన్ని రోజులు గుడ్లు తినొద్దు, అమ్మొద్దు.

గాయం పూర్తిగా మానాకే మందలో కలపండి. అంతవరకు గంపని మిగతా కోళ్లకి కనపడేలా పెడితే, కలిపినప్పుడు పోట్లాట తగ్గుతుంది.