14. గిటార్ పెడల్ ఫుట్‌స్విచ్: చప్పుడును గుర్తించడం, తగ్గించడం

14.1 పరిచయం

ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవారి పాదాల దగ్గర చిన్న లోహపు పెట్టెలను మీరు చూసే ఉంటారు. వీటిని ఎఫెక్ట్ పెడళ్లు అంటారు. గిటార్ నుంచి వచ్చే సంకేతాన్ని ఇవి గరగరలాడే ధ్వనిగానో, ప్రతిధ్వనిగానో మార్చి ఆంప్లిఫైయర్‌కు పంపుతాయి. వాయించేటప్పుడు రెండు చేతులూ గిటార్‌పైనే ఉంటాయి. అందుచేత ఎఫెక్ట్‌ను కలపడానికి, తీసివేయడానికి కాలితో నొక్కే స్విచ్‌ను అమరుస్తారు. ఇదే ఫుట్‌స్విచ్.

డ్రమ్ముల హోరులో ఈ స్విచ్ చప్పుడు ఎవరికీ వినిపించదు. కాని చర్చిలో అందరూ నిశ్శబ్దంగా ప్రార్థిస్తున్నప్పుడు, చిన్న గదిలో మైకు పెట్టి రికార్డు చేస్తున్నప్పుడు అది స్పష్టంగా వినిపిస్తుంది. అటువంటి పెడల్‌ను ఒకరు మీ దగ్గరకు మరమ్మతుకు తెచ్చారనుకోండి. మీరు వెంటనే కొత్త స్విచ్ వేసి డబ్బు తీసుకున్నారు. చప్పుడు మాత్రం పోలేదు. అప్పుడు వారికి డబ్బు నష్టం, మీకు పేరు నష్టం. కాబట్టి చప్పుడు ఎక్కడ పుడుతున్నదో ముందుగా తెలుసుకోవాలి.

14.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
- యాంత్రిక చప్పుడుకు, విద్యుత్ చప్పుడుకు గల తేడాను గుర్తించగలుగుతారు;
- ఫుట్‌స్విచ్ పనిచేసే తీరును వివరించగలుగుతారు;
- చప్పుడు రకాన్ని బట్టి తగిన మార్పును ఎంచుకోగలుగుతారు.

14.3 చప్పుళ్లు రెండు రకాలు

ఫుట్‌స్విచ్ నొక్కినప్పుడు స్విచ్ నుంచే "టక్" మని వినిపించేది యాంత్రిక చప్పుడు. స్పీకరు నుంచి "టప్" మని వినిపించేది విద్యుత్ చప్పుడు. ఒకే పెడల్‌లో రెండూ ఉండవచ్చు.

కృత్యం 1: గిటార్, ఒక పెడల్, ఆంప్లిఫైయర్ మాత్రమే కలపండి. మిగిలిన పెడళ్లను తీసివేయండి. మొదట ఆంప్లిఫైయర్‌ను ఆపి స్విచ్ నొక్కండి. ఇప్పుడు వినిపించేది యాంత్రిక చప్పుడు మాత్రమే. తరువాత ఆంప్లిఫైయర్‌ను తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, మీ చెవిని స్పీకరు వైపు ఉంచి, మరొకరిని స్విచ్ నొక్కమనండి. స్పీకరులో "టప్" వినిపిస్తే విద్యుత్ చప్పుడు కూడా ఉన్నట్లే.

14.4 స్విచ్ లోపల

చాలా పెడళ్లలో తొమ్మిది కాళ్లుండే త్రీ-పి-డి-టి స్విచ్ వాడతారు. ఇందులో మూడు స్విచ్‌లు ఒకేసారి మారతాయి. ఒకటి లోపలికి వచ్చే సంకేతాన్ని, రెండవది బయటికి వెళ్లే సంకేతాన్ని, మూడవది ఎల్.ఇ.డి. దీపాన్ని మారుస్తుంది.

మీరు నొక్కుతున్న కొద్దీ లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది. ఒక స్థానం దాటగానే అది కాంటాక్టులను ఒక్కసారిగా అటు నుంచి ఇటు విసురుతుంది. కాంటాక్టులు మధ్యలో నిలిచిపోకుండా ఉండడానికే ఈ ఏర్పాటు. స్విచ్ కాలు తీసిన తరువాత కూడా అదే స్థితిలో నిలుస్తుంది. అంటే "టక్" అనేది స్విచ్ చెడిపోయిందనడానికి గుర్తు కాదు. అది పనిచేసే పద్ధతిలోనే ఉంది. అందువల్ల అదే రకం కొత్త స్విచ్ వేస్తే చప్పుడులో పెద్ద తేడా రాదు.

బోలుగా ఉండే లోహపు పెట్టె ఈ చప్పుడును మరింత పెంచుతుంది. పెడల్ కింద మెత్తని రబ్బరు షీటు వేయడం, స్విచ్ తలపై రబ్బరు టోపీ తొడగడం వంటి పనుల వల్ల కొంత తగ్గుతుంది. ఇవి తక్కువ ఖర్చుతో అయ్యే పనులు. ముందు వీటినే చేసి చూడండి.

14.5 స్పీకరులో "టప్" ఎందుకు వస్తుంది?

ఎఫెక్ట్ వలయానికి మొదట, చివర కెపాసిటర్లు ఉంటాయి. ఇవి గిటార్ సంకేతాన్ని పోనిచ్చి, ఏకముఖ విద్యుత్తును ఆపుతాయి. అయితే ఏ కెపాసిటరూ దానిని పూర్తిగా ఆపలేదు, కొద్దిగా కారుతుంది. ఎఫెక్ట్ తీసివేసి ఉన్నప్పుడు కెపాసిటర్ బయటి కొన దేనికీ తగలకుండా ఉంటే, కారిన ఆవేశం అక్కడ నిలుస్తుంది. స్విచ్ నొక్కగానే ఆ ఆవేశం ఒక్కసారిగా ఆంప్లిఫైయర్ వైపు పోతుంది. అదే "టప్".

కృత్యం 2: రెండు మూడు నిమిషాలు స్విచ్‌ను ముట్టుకోకుండా ఉంచి, తరువాత వెంటవెంటనే అనేకసార్లు నొక్కండి. మొదటిసారి గట్టిగా వినిపించి, తరువాత తగ్గిపోతే, నిలిచిన ఆవేశమే కారణమని భావించవచ్చు.

దీనికి మందు చవకైనది. వలయం వైపు ఉన్న మొదటి కెపాసిటర్ బయటి కొన నుంచి గ్రౌండ్‌కు 1 మెగా ఓమ్ రెసిస్టర్ కలపాలి. చివరి కెపాసిటర్‌కు కూడా అలాగే చేయాలి. దీని రంగులు గోధుమ, నలుపు, ఆకుపచ్చ. ఆవేశం పోగుపడకుండా ఇది మెల్లగా గ్రౌండ్‌కు పోనిస్తుంది. కెపాసిటర్ 0.1 మైక్రో ఫారడ్ అయితే,

0.1 మైక్రో ఫారడ్ × 1 మెగా ఓమ్ = 0.1 సెకను

దీనికి అయిదు రెట్ల కాలంలో, అంటే సుమారు అర సెకనులో, ఆవేశం దాదాపు పూర్తిగా పోతుంది. ఇంకా త్వరగా పోవాలని మరీ తక్కువ విలువ గల రెసిస్టర్ వేయకండి. గిటార్ సంకేతం బలహీనపడుతుంది. రెసిస్టర్ వేసినా "టప్" తగ్గకపోతే కెపాసిటర్ ఎక్కువగా కారుతున్నదేమో చూసి మార్చండి.

ఎల్.ఇ.డి. ఒక్కసారిగా వెలగడం కూడా కొన్నిసార్లు కారణమవుతుంది. 9 వోల్టుల సరఫరాలో, ఎల్.ఇ.డి. వద్ద 2 వోల్టులు తగ్గుతాయనుకుంటే, 1 కిలో ఓమ్ రెసిస్టర్‌తో 7 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. 4.7 కిలో ఓమ్ వేస్తే అది సుమారు 1.5 మిల్లీ ఆంపియర్లకు తగ్గుతుంది. వెలుగు కొంత తగ్గినా, స్విచ్ నొక్కినప్పుడు కలిగే కుదుపు కూడా తగ్గుతుంది.

జాగ్రత్త: సోల్డరింగ్‌కు ముందు బ్యాటరీని, అడాప్టర్‌ను తీసివేయండి. స్విచ్ కాళ్లపై వేడి ఎక్కువసేపు ఉంచితే లోపలి ప్లాస్టిక్ కరుగుతుంది.

14.6 మెత్తని స్విచ్

యాంత్రిక చప్పుడు బాగా తగ్గాలంటే మరో రకం స్విచ్ కావాలి. దుకాణంలో "సాఫ్ట్ టచ్ మొమెంటరీ" అని అడగండి. నొక్కినంతసేపే ఇది కాంటాక్టు ఇస్తుంది. విసిరే స్ప్రింగు లేదు కనుక "టక్" అనదు. మొమెంటరీ స్విచ్‌లలోనూ చప్పుడు చేసేవి ఉన్నాయి. అందుచేత కొనేముందు నొక్కి వినండి. చాలా ఫుట్‌స్విచ్‌లకు 12 మిల్లీ మీటర్ల రంధ్రం సరిపోతుంది.

అయితే పాత స్విచ్ తీసి దీనిని నేరుగా పెట్టకూడదు. అలా చేస్తే కాలు ఎత్తగానే ఎఫెక్ట్ పోతుంది. స్థితిని గుర్తుంచుకునే పనిని ఇప్పుడు వేరే వలయం చేయాలి. దీనికి రెండు మార్గాలున్నాయి.

(అ) ట్రాన్సిస్టర్ పద్ధతి: 1977లో విడుదలైన బాస్ ఓడి-1 పెడల్‌లో కాలు నొక్కేది చిన్న మొమెంటరీ స్విచ్‌నే. సంకేతాన్ని మార్చేవి ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్లు. ఈ పద్ధతిలో బ్యాటరీ అయిపోతే ధ్వని కూడా ఆగిపోతుంది.

(ఆ) రిలే పద్ధతి: సంకేతాన్ని చిన్న రిలే మారుస్తుంది. రిలేకు కూడా చప్పుడు ఉంటుంది, కాని చిన్నది. 5 వోల్టుల వద్ద 140 మిల్లీ వాట్లు తీసుకునే సాధారణ రిలేకు 28 మిల్లీ ఆంపియర్లు కావాలి. ఇది 9 వోల్టుల బ్యాటరీకి పెద్ద భారమే. లాచింగ్ రిలేకు స్థితి మారేటప్పుడు మాత్రమే విద్యుత్తు చాలు.

మొమెంటరీ స్విచ్ కాంటాక్టులు కలిసేటప్పుడు కొన్ని మిల్లీ సెకన్ల పాటు ఎగిరెగిరి పడతాయి. వలయం వీటిని అనేక నొక్కులుగా లెక్కించకుండా చూడాలి.

గుర్తుంచుకోండి: విద్యుత్ "టప్"ను మెత్తని స్విచ్ ఒక్కటే పోగొట్టదు. 14.5లో చెప్పిన రెసిస్టర్లు ఇక్కడ కూడా అవసరమే.

పాఠగత ప్రశ్నలు

1. ఆంప్లిఫైయర్ ఆపినా వినిపించే చప్పుడు ఏ రకానికి చెందినది?
2. త్రీ-పి-డి-టి స్థానంలో మొమెంటరీ స్విచ్‌ను నేరుగా పెడితే ఏమవుతుంది?
3. మొదటిసారి నొక్కినప్పుడు మాత్రమే స్పీకరులో గట్టి "టప్" వస్తున్నది. మీరు ఏం చేస్తారు?

14.7 మీరు ఏం నేర్చుకున్నారు?

- స్విచ్ "టక్" వేరు, స్పీకరు "టప్" వేరు. పరీక్షించిన తరువాతే విడిభాగాలు కొనాలి.
- "టక్" తగ్గడానికి రబ్బరు, లేదా రిలే వంటి వలయంతో కూడిన మెత్తని స్విచ్ వాడాలి.
- "టప్" తగ్గడానికి 1 మెగా ఓమ్ రెసిస్టర్లు వేయాలి, అవసరమైతే ఎల్.ఇ.డి. విద్యుత్తును తగ్గించాలి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు

1. యాంత్రిక చప్పుడు.
2. నొక్కి ఉంచినంతసేపే ఎఫెక్ట్ ఉంటుంది.
3. మొదటి, చివరి కెపాసిటర్ల బయటి కొనల నుంచి గ్రౌండ్‌కు 1 మెగా ఓమ్ రెసిస్టర్లు కలుపుతాం. స్విచ్ మార్చనవసరం లేదు.