పాల పూట సిగ్నల్ పోతే

ఉయ్యూరు పరిసరాలలోని ఒక సంఘానికి ఆమధ్య తనిఖీకి వెళ్ళాను. సాయంకాలం పూట తూకం సగంలో ఉండగా యంత్రానికి సిగ్నల్ పోయింది. కార్యదర్శి కంగారుపడి మీట మళ్ళీ మళ్ళీ నొక్కాడు. ఒక సభ్యురాలి పాలు రెండుసార్లు నమోదయ్యాయి. ఆమె వెనుక నిలబడిన ముగ్గురివి అసలు నమోదే కాలేదు. బిల్లు రోజున తగాదా వచ్చింది. కార్యదర్శి నిజాయితీపరుడని నాకు తెలుసు. పాలు పోసి డబ్బు తక్కువ అందుకున్న సభ్యునికి ఆ మాట ఎట్లా చెప్పగలం?

మనది చదును నేల. అడ్డం వచ్చే కొండలు లేవు. మరి సిగ్నల్ ఎందుకు పోతున్నది?

మొదటి కారణం మన నెత్తిమీది కప్పే. రేడియో తరంగం ఇనుప రేకును దాటి రాలేదు. తలుపులు, కిటికీల గుండా రావలసిందే. యంత్రాన్ని బీరువా పక్కన మూలకు పెడితే అదీ సరిగా అందదు. తరంగాలన్నీ ఒక తీరువి కావు. 700, 900 మెగాహెర్ట్జ్ తరంగాలు దూరం పోతాయి, గోడలను కొంత దాటుతాయి. 2300, 3300 వాటికి మోసే శక్తి ఎక్కువ, చేరే దూరం తక్కువ. అందుకే ఒక కంపెనీ సిమ్ పనిచేసిన గదిలో మరొకటి పనిచేయకపోవచ్చు.

ఫోనులో గీతలు నిండుగా ఉన్నా పని జరగని సందర్భాలు మీకు తెలిసినవే. టవర్ అందుతున్నదని మాత్రమే గీతలు చెబుతాయి. దానికి తీరిక ఉన్నదని చెప్పవు. ఊరంతా వీడియోలు చూసే వేళా, మన సాయంకాలపు పాలవేళా ఒకటే అయింది! ఇక కరెంటు పోతే టవర్ కొంతసేపు బ్యాటరీ మీద, ఆపైన డీజిలు మీద నడుస్తుంది. అవీ అయిపోతే ఆగిపోతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు విశాఖలో ఫోన్లు మూగబోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది.

యంత్రం మోడెముకు బయటి యాంటెన్నా తగిలించే వీలుంటే దానిని రేకుల పైకి ఎత్తించండి. బజారులో దొరికే సిగ్నల్ బూస్టర్ జోలికి పోవద్దు. అనుమతి లేకుండా పెట్టడం నేరం, పైగా ఇరుగుపొరుగువారి సిగ్నల్ చెడుతుంది. వేరొక కంపెనీ సిమ్ కూడా ఉంచుకోవడం మంచిదే. కాని రెండు కంపెనీలూ ఒకే టవర్ స్తంభం మీద ఉంటే, అది ఆగిననాడు రెండూ పోతాయి.

కాబట్టి అసలు జాగ్రత్త యంత్రంలోనే ఉండాలి. ప్రతి తూకమూ, వెన్న శాతమూ ముందు యంత్రంలో నిలువ కావాలి. దానికొక వరుస సంఖ్య పడాలి. సిగ్నల్ వచ్చినపుడు అది అవతలికి పోవాలి. రిజిస్టరు ఉత్తరానికి అక్నాలెడ్జిమెంటు కార్డు వచ్చేది చూడండి, అట్లా అందినట్లు తిరుగు కబురు రావాలి. రాకపోతే యంత్రమే మళ్ళీ పంపుతుంది. సంఖ్య ఒకటే గనుక రెండుసార్లు అందినా లెక్కలో ఒక్కసారే పడుతుంది. మీ యంత్రంలో ఈ ఏర్పాటు ఉన్నదో లేదో సరఫరాదారుని అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. తీగ ఊడదీసి ఒక పూట పరీక్షించి చూస్తే ఇంకా మంచిది. సిగ్నల్ ఉన్నా లేకున్నా చీటీ మాత్రం అప్పటికప్పుడు సభ్యుని చేతికి రావాలి.

నేను చెప్పిన సంఘంలో ఇప్పుడు చేతి రిజిస్టరు కూడా బల్లమీద ఉంటున్నది. రాత్రి యంత్రం లెక్కతో సరిచూసి, ఇద్దరు సభ్యులు సంతకం చేస్తున్నారు.