ఇంజను మార్చినా కారు ఎందుకు మొరాయిస్తుంది?

అంబాసిడర్ కారును మీరు చూసే ఉంటారు. వీధిలో చూడకపోయినా పాత సినిమాల్లోనైనా చూసి ఉంటారు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారం 2014 దాకా ఈ కార్లను తయారుచేసింది. చాలా ఏళ్ళపాటు వాటిలో 1489 ఘన సెంటీమీటర్ల, నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను ఉండేది. ఇప్పటికీ పాత అంబాసిడర్లను జాగ్రత్తగా నడుపుకొనేవారు ఉన్నారు.

అటువంటి కారు ఒకటి ఉందనుకుందాం. దాని ఇంజను అరిగిపోయింది. యజమాని అప్పుచేసి అదే రకం ఇంజను ఇంకొకటి కొన్నాడు. షెడ్డులో పాతదాన్ని దించి, దీన్ని ఎక్కించారు. కారు స్టార్టయింది. కాని వణకడం మొదలుపెట్టింది. నెమ్మదిగా తిరిగినా వణుకే, వేగంగా తిరిగినా వణుకే. చిన్న మెట్ట కూడా ఎక్కలేకపోయింది. మధ్య మధ్య సైలెన్సరులోంచి ‘ఢాం’ అని మోత! “పాడైన ఇంజను అంటగట్టారు, దీన్ని విప్పించాల్సిందే” అని యజమాని తల పట్టుకున్నాడు. విప్పితే మళ్ళీ వేలల్లో ఖర్చు.

ఆయన స్థానంలో మీరుంటే ఏం చేస్తారు? ముందుగా ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ ఇంజను ఇంకో కారులో బాగానే నడిచింది కదా! అక్కడికీ ఇక్కడికీ మధ్య ఏం మారింది? వైర్లు, గొట్టాలు, తీగలు, బోల్టులు విప్పి మళ్ళీ బిగించారు. కనుక మొదటి అనుమానం మనం చేయిపెట్టిన చోట్ల మీదకే పోవాలి.

ఇంజనుకు కావలసినవి మూడు

పెట్రోలు ఇంజను నడవాలంటే మూడు సమకూరాలి. మొదటిది, గాలి, పెట్రోలు సరైన పాళ్ళలో కలవాలి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. రెండవది, పిస్టను ఆ మిశ్రమాన్ని గట్టిగా నొక్కాలి. మూడవది, సరైన క్షణంలో స్పార్కు ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుట్టాలి. ఈ మూడింటిలో దేనికి లోపం వచ్చిందో తెలిస్తే సగం పని అయినట్లే.

తెలివైన మెకానిక్ వెంటనే పానా అందుకోడు. ముందు చూస్తాడు, వింటాడు. తరువాత ఇంజను తిరుగుతుండగా, విద్యుత్తు తగలని పటకారుతో ప్లగ్గు తీగలను ఒక్కొక్కటే తీసి చూస్తాడు. (ఈ తీగల్లో వేల వోల్టుల విద్యుత్తు ఉంటుంది. ఈ పని మీరు చేయకూడదు.) బాగా పనిచేస్తున్న సిలిండరు తీగ తీస్తే ఇంజను ఇంకా నీరసపడాలి. తీసినా తేడా రాలేదంటే ఆ సిలిండరు అసలు పనిచేయడం లేదన్నమాట.

మన కారులో ఒకటో తీగ తీస్తే ఇంజను ఆగిపోబోయింది. నాలుగోది తీసినా అంతే. రెండోది, మూడోది తీస్తే మాత్రం ఏ తేడా లేదు! ప్లగ్గులు విప్పి చూస్తే 1, 4 ప్లగ్గులు పొడిగా, గోధుమరంగులో ఉన్నాయి. 2, 3 ప్లగ్గులు పెట్రోలుతో తడిసి ఉన్నాయి. అంటే ఆ రెండింటికీ పెట్రోలు అందుతోంది, కాని మండడం లేదు.

తరువాత ప్లగ్గు రంధ్రంలో పీడనమాపకాన్ని బిగించి ఒక్కొక్క సిలిండరులో నొక్కుడు ఎంతుందో కొలిచాడు. నాలుగూ ఇంచుమించు సమానంగా ఉన్నాయి. పిస్టను రింగులు గాని, వాల్వులు గాని పాడైతే ఇలా ఉండవు. ఇంజను ఆరోగ్యంగానే ఉంది! ఇక మిగిలింది నిప్పురవ్వ.

వరుస తప్పిన తీగలు

నాలుగు సిలిండర్లూ ఒకేసారి మండవు. అంబాసిడర్ ఇంజనులో ముందు 1, తరువాత 3, ఆ తరువాత 4, చివరకు 2. డిస్ట్రిబ్యూటరు లోపల రోటారు తిరుగుతూ ఈ వరుసలో ఒక్కొక్క తీగకు విద్యుత్తును పంచిపెడుతుంది. ఈ ఇంజనులో రోటారు గడియారపు ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతుంది. తీగలు బిగించినవాడు అది గమనించలేదు. ముల్లు తిరిగే దిశలోనే 1, 3, 4, 2 అని అమర్చాడు.

ఒక కాగితం మీద వృత్తం గీసి, ఆ దిశలో 1, 3, 4, 2 రాయండి. ఇప్పుడు ఒకటి దగ్గర మొదలుపెట్టి ఎదురుదిశలో చదవండి. 1, 2, 4, 3 అని వచ్చింది కదూ! 1, 4 తమ స్థానాల్లోనే ఉన్నాయి. 2, 3 తారుమారయ్యాయి. ఈ రెండు పిస్టన్లూ కలిసే పైకి లేస్తాయి. కాని ఒకటి మిశ్రమాన్ని నొక్కుతూ లేస్తుంటే రెండోది పొగను బయటికి నెడుతూ లేస్తుంది. నిప్పురవ్వ నొక్కుతున్న దానికి పోకుండా, పొగ వదులుతున్న దానికి పోయింది. మండని పెట్రోలు వేడి సైలెన్సరులోకి చేరి అక్కడ అంటుకుంది. ‘ఢాం’ మోత దానిదే!

రెండు తీగలు మార్చి పెట్టగానే వణుకు ఆగిపోయింది. విడిభాగాలకు అయిన ఖర్చు సున్న.

మరికొన్ని అనుమానాలు

ఇంజను మార్చిన ప్రతి కారులోనూ తప్పు ఇదే కానక్కరలేదు. గుర్తును బట్టి కారణం మారుతుంది.

ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు మాత్రమే వణికి, వేగంలో సర్దుకుంటోందా? కార్బురేటరుకూ ఇంజనుకూ మధ్య గాస్కెట్టు చినిగిందేమో, ఏదైనా చిన్న గొట్టం తగిలించడం మరిచారేమో చూడాలి. ఆ సందులోంచి దొంగగాలి దూరుతుంది. నెమ్మదిగా తిరిగే ఇంజను పీల్చే గాలి తక్కువ కాబట్టి ఆ కొద్దిగాలే పాళ్ళను చెడగొడుతుంది. వేగంలో పీల్చే గాలి ఎక్కువ, అందులో ఇది లెక్కలోకి రాదు.

వణుకు లేదు గాని బలం లేదా, ఇంజను త్వరగా వేడెక్కుతోందా? నిప్పురవ్వ ఆలస్యమవుతోందేమో! నిమిషానికి 3000 సార్లు తిరిగే ఇంజను సెకనుకు 50 సార్లు తిరుగుతుంది. అది 10 డిగ్రీలు తిరగడానికి పట్టేది సెకనులో 1800వ వంతు. మిశ్రమం మండడానికి కూడా కొంత సమయం కావాలి గనుక, పిస్టను పైకొసకు చేరకముందే నిప్పురవ్వ పుట్టాలి. ఆలస్యమైతే బలం వృథా. మరీ ముందైతే ఇంజను ‘టకటక’ కొట్టుకుంటుంది.

సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజను బరువుగా తిరుగుతోందా? ఎర్త్ తీగ చూడాలి. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. రబ్బరు విద్యుత్తును పోనివ్వదు. అందుకే ఇంజనునూ కారు బాడీనీ కలుపుతూ లావుపాటి తీగ వేస్తారు. ఇంజను మార్చేటప్పుడు మరిచిపోయేది తరచు దీన్నే! తగిలించినా తుప్పు మీద బిగిస్తే లాభం లేదు. అక్కడ నిరోధం 0.05 ఓములే అనుకోండి. 100 ఆంపియర్ల విద్యుత్తు పారితే ఓమ్ నియమం ప్రకారం 5 వోల్టులు అక్కడే పోతాయి. బ్యాటరీలోని 12 వోల్టుల్లో మిగిలేది 7! తీగ అసలే లేకపోతే విద్యుత్తు ఆక్సిలరేటరు కేబులు వంటి దారులు వెతుక్కుంటుంది. ఆ కేబులు కాలిపోవచ్చు కూడా.

ఇప్పటి కార్లలో డిస్ట్రిబ్యూటరు, కార్బురేటరు లేవు. సెన్సర్లు సమాచారం పంపితే కంప్యూటరు పెట్రోలును, నిప్పురవ్వను లెక్కకట్టి ఇస్తుంది. చిన్న పరికరం తగిలిస్తే లోపం సంకేతం కూడా చెబుతుంది. అయినా సంకేతం అనుమానితుణ్ణి చూపుతుందే గాని తీర్పు చెప్పదు. సెన్సరు చెడిందా, దాని తీగ ఊడిందా అన్నది మనిషే తేల్చాలి.

రెండు జాగ్రత్తలు మరువకండి. మూసిన షెడ్డులో ఇంజను నడపకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా రక్తంలోని హిమోగ్లోబినును పట్టుకొని ప్రాణం తీస్తుంది. ఇక ఇంజను మార్చితే ఆ సంగతి రవాణా శాఖకు తెలిపి, రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేయించాలి.

చివరి మాట. మన మెకానిక్ పద్ధతిని గమనించారా? ఈమధ్య మారినదాన్ని ముందు అనుమానించాడు. ఖర్చులేని పరీక్షలు ముందు చేశాడు. ఒకసారికి ఒక్కటే మార్చి చూశాడు. రెండు మూడు ఒకేసారి మార్చి ఉంటే కారు బాగుపడినా కారణం తెలిసేది కాదు. ఈసారి మీ ఇంట్లో టార్చిలైటు వెలగకపోతే బల్బు, బ్యాటరీలు, స్విచ్చి ఒక్కొక్కటిగా ఇదే పద్ధతిలో పరీక్షించి చూడండి. తప్పు ఎక్కడుందో మీరే పట్టుకుంటారు.