మందు మ్రింగిన మేనికి మధ్యాహ్నపు టెండ

లంటానా కంప మేసిన పశువు ఎండలో నిలిచినప్పుడు దాని మూతి, చెవులు, పొదుగు మున్నగు చోట్ల చర్మము కంది, పొక్కి, పొరలుగా నూడుటను మన రైతులు పెక్కుమంది చూచియే యుందురు. తెల్లమచ్చ లున్న చోట్ల చర్మము మిక్కిలి చెడి, నల్లని చోట్ల నిలిచియుండుటయు గమనించియుందురు. ఆ కంపలోని విషము పశువు కాలేయమును చెఱచును. అందుచే పచ్చమేతలోని పత్రహరితము జీర్ణము కాగా పుట్టు నొక రంగు పదార్థము పైత్యరసముతో బయటికి పోజాలక, రక్తమున చేరి చర్మమునకు వచ్చును. దానిపై ఎండ సోకగానే చర్మము కాలినట్లగును. ఆ పదార్థ మొక్కటియే కాదు, వెలుతు రొక్కటియే కాదు. రెండును కలిసినప్పుడే యీ కీడు.

మనుష్యులు వాడు కొన్ని మందులయందును ఇట్టి గుణమే కలదు. ఇది మనవారికి బొత్తిగా క్రొత్త సంగతి కాదు. బొల్లి మచ్చలకు బావంచాల మందు నిచ్చి ఎండ చూపుట మన వైద్యములో పూర్వము నుండి వచ్చుచున్న పద్ధతి. పాశ్చాత్య దేశములలో 1900 ప్రాంతమున, మ్యూనిక్ నగరమందు ఆస్కార్ రాబ్ అను వైద్య విద్యార్థి ఆక్రిడిన్ అను పదార్థము కలిపిన నీటిలోని సూక్ష్మజీవులు వెలుతురున చచ్చి, చీకటిలో బ్రదుకుటను కనిపెట్టెను. 1912లో మేయర్ బెట్జ్ అను వైద్యుడు హెమటోపార్ఫిరిన్ అను పదార్థమును తన యొడలికే సూదితో నెక్కించుకొని ఎండకు పోగా, అతని ముఖమును చేతులును మిక్కిలి వాచినవి.

రైతులకు ముఖ్యముగా తెలియవలసినది టెట్రాసైక్లిన్ జాతి మందులను గూర్చి. ఈ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ పుట్టుక పొలపు మట్టిలోనే జరిగినది. అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయపు వ్యవసాయ పరిశోధన క్షేత్రమున, గడ్డి పెంచిన యొక మడి నుండి 1945లో తీసిన మట్టిలో బంగారు వన్నె గల సూక్ష్మజీవి యొకటి దొరకెను. దాని నుండి లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ ఈ మందును సాధింపగా, 1948లో అది లోకమునకు తెలియవచ్చెను. అప్పుడా ప్రయోగశాలలో పరిశోధనలకు అధిపతి 1895లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ జాతిలో తరువాత వచ్చిన డాక్సీసైక్లిన్ నేడు విరివిగా వాడుకలో నున్నది. ఎలుకల మూత్రము కలిసిన బురదనీటి వలన వచ్చు లెప్టోస్పైరోసిస్, పొదలలోని సన్నని నల్లిపురుగు కాటు వలన వచ్చు స్క్రబ్ టైఫస్ అను జ్వరములకు ఇది ప్రాణదాత. ఈ రెండు జ్వరములును పొలము పనివారినే ఎక్కువగా పట్టును. పొలము పనివారే ఎండలో ఎక్కువగా నుందురు. చిక్కంతయు నిచటనే యున్నది.

ఎండలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు కలవు. వానిలో ‘ఎ’ తరగతి కిరణములు చర్మములో లోతునకు పోవును. పలుచని మబ్బును, కిటికీ అద్దమును సైతము దాటి వచ్చును. చర్మమున చేరియున్న మందు ఈ కిరణశక్తిని గ్రహించి, క్షణకాలము నిలుపుకొని, ప్రక్కనున్న ప్రాణవాయువునకు అందించును. అట్లు రెచ్చిన ప్రాణవాయువు కణపు పొరలోని క్రొవ్వును, మాంసకృత్తులను, కణగర్భమందలి డి.ఎన్.ఎ.ను దెబ్బతీయును. పైరు గుణమంతయు విత్తనమున ఇమిడియున్నట్లు శరీర ధర్మములన్నియు ఈ డి.ఎన్.ఎ.లో వ్రాయబడియున్నవి. సిప్రోఫ్లాక్సాసిన్ మున్నగు ఫ్లోరోక్వినొలోన్ జాతి మందులలో కొన్ని, గ్రహించిన శక్తిని నేరుగా డి.ఎన్.ఎ.కే యిచ్చి, ప్రక్కప్రక్కనున్న రెండక్షరములను అతుకునట్లు చేయును. ఈ జాతిలో లోమెఫ్లాక్సాసిన్, స్పార్‌ఫ్లాక్సాసిన్ అనునవి మిక్కిలి తీవ్రమైనవి. సిప్రోఫ్లాక్సాసిన్ అంతటిది కాదు.

కణము తన డి.ఎన్.ఎ.కు కలిగిన లోపమును చాలవఱకు తానే దిద్దుకొనును. దిద్దుకొనలేనంత దెబ్బ తగిలిన కణము చచ్చును. అదియే చర్మమున మంట, ఎఱ్ఱదనము, పొక్కులై కనబడును. లోపముతోనే బ్రదికిన కణము ఆ తప్పును తన సంతతికిచ్చును. లోమెఫ్లాక్సాసిన్ ఇచ్చి ‘ఎ’ కిరణములు చూపిన వెండ్రుకలు లేని ఎలుకలకు చర్మమున పుండు క్యాన్సరు పుట్టుట ప్రయోగములలో తేలినది. కొలది దినములు మందు మ్రింగిన మనుష్యునకు ఇట్లే యగునని దీని యర్థము కాదు. జాగ్రత్త యవసరమని మాత్రమే దీని బోధ.

హైదరాబాదులో చిక్కడపల్లి గ్రంథాలయమున చదువుకొనుచు, అశోక్ నగర్, నారాయణగూడ గదులలో నుండి ఉద్యోగ పరీక్షలకు సిద్ధపడుచున్న మన బిడ్డలకును ఈ మాట చెప్పవలసియున్నది. మొటిమలకు వైద్యులు డాక్సీసైక్లిన్‌ను వారముల తరబడి యిచ్చుట కలదు. నీడపట్టున చదువుకొన్నన్నాళ్లు ఏ బాధయు తెలియదు. యాసంగి కోతలకు ఇంటికి వచ్చి కల్లములో నొక పూట నిలిచిన యెడల, సాయంత్రమునకు ముఖము, మెడ, ముంజేతులు భగ్గున మండును. ఒక్కొక్కప్పుడు గోళ్లు సైతము పట్టు వదలి లేచును. చొక్కా కప్పిన చోట చర్మము చెక్కుచెదరకుండుటయే దీని గుర్తు.

అసలైన నష్టము పొక్కులది కాదు. జ్వరమునకు మందు పుచ్చుకొన్న రైతు ఒకటి రెండు దినములలో తేఱుకొని నాట్లకు పోవును. ఒడలు పొక్కగానే మందు వికటించినదని తలచి సగములో విడిచిపెట్టును. అప్పుడు తగ్గిన జ్వరము మరల తిరుగబెట్టి ప్రాణముమీదికి రావచ్చును. మఱికొందఱు అది పురుగుమందు సోకుటయే యని భ్రమించి, వేఱు చికిత్సలకై డబ్బు వ్యయము చేయుదురు.

కావున సభ్యులు ఈ క్రింది మాటలు జ్ఞాపకముంచుకొందురు గాక. మందు వ్రాయునప్పుడే “అయ్యా, నేను ఎండలో పనిచేయువాడను” అని వైద్యునికి చెప్పవలెను. మందు వాడు దినములలో పొలము పని ప్రొద్దుటి చల్లని వేళను, సాయంకాలమున చేసికొని, నడిమి యెండను తప్పించుకొనవలెను. తలపాగ, నిండు చేతుల చొక్కా విడువరాదు. మబ్బు పట్టినదని, బండి యద్దము మాటున నున్నామని ఉపేక్షింపరాదు. మంట పుట్టినచో వెంటనే నీడకు చేరి, తడిగుడ్డ వేసికొని, వైద్యుని చూడవలెను. మందు మానుటయో మార్చుటయో ఆయన చెప్పవలసిన మాట. మిగిలిపోయిన పాత టెట్రాసైక్లిన్ బిళ్లలను దాచి మరియొకరికి ఈయరాదు. చెడిన యీ మందు మూత్రపిండములకు హాని చేసిన సందర్భములు కలవు.

రోగమును పోగొట్టు మందును నిందింపక, ఎండను నిందింపక, రెంటిని కలియనీయకుండుటయే మన చేతనున్న యుపాయము. కంప మేసిన పశువును నీడను కట్టు రైతు, మందు మ్రింగిన తన దేహమునకును ఆ నీడనే చూపవలెను.