మైనస్ పెద్ద ఏ... ఒక్క ఎంటర్‌కి 23 మెయిల్‌బాక్సులు ఖాళీ!

ఫోన్‌లో ఓ ఫొటో డిలీట్ కొడితే ఏమవుతుంది? ‘నిజంగానే తీసేయాలా?’ అని అడుగుతుంది. సరే అన్నా వెంటనే పారేయదు. ఓ నెల రోజులు చెత్తబుట్టలో దాచిపెడుతుంది. ఈలోగా మనసు మారితే తిరిగి ఇచ్చేస్తుంది. మనందరం ఈ మర్యాదకి అలవాటు పడిపోయాం. మెయిల్ సర్వర్ ముందు, నల్లటి టెర్మినల్ తెర దగ్గర కూర్చున్నవాడికి మాత్రం ఆ మర్యాద దొరకదు. కమాండ్ టైప్ చేసి ఎంటర్ కొట్టావా, పని అయిపోయినట్టే. అది నాకు ఓ శనివారం రాత్రి 10.40కి తెలిసొచ్చింది.

నేను పనిచేసేది ఓ ఇంజనీరింగ్ కాలేజీలో. అక్కడి మెయిల్ సర్వర్ నా చేతికొచ్చేనాటికి అందులో 312 మెయిల్‌బాక్సులున్నాయి. ‘ఈ రోజుల్లో సొంత మెయిల్ సర్వరా?’ అని మీరు నవ్వొచ్చు. నేనూ నవ్వాను. కానీ ఎప్పుడో పెట్టారు, నడుస్తోంది, నడిచేదాన్ని మార్చడానికి ఎవరూ సంతకం పెట్టరు. అంతే. నాకన్నా ముందు చూసిన అన్న బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతూ ఓ పాస్‌వర్డూ, ఓ నోట్‌బుక్కూ ఇచ్చాడు.

ఈ సర్వర్‌లో రెండు సాఫ్ట్‌వేర్లు పనిచేస్తాయి. బయటి నుంచి వచ్చే ఉత్తరాన్ని అందుకునేది పోస్ట్‌ఫిక్స్. ఐబీఎంలో ఉండగా వీట్సే వెనెమా అనే ఆయన రాసి 1998లో విడుదల చేశాడు. పోస్ట్‌మ్యాన్ అనుకోండి. ఆ ఉత్తరాన్ని ఎవరి పెట్టెలో వాళ్లకి దాచి, ఫోన్‌కో కంప్యూటర్‌కో చూపించేది డవ్‌కాట్. టిమో సిరైనెన్ అనే ఫిన్లాండ్ కుర్రాడు 2002లో మొదలుపెట్టాడు. రెండూ ఉచితమే. ప్రపంచంలో ఎన్నో మెయిల్ సర్వర్లు వీటి మీదే బతుకుతున్నాయి.

లోపల చూస్తే పెద్ద మాయేమీ లేదు. ‘మెయిల్‌డిర్’ అనే పద్ధతిలో ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలు. ఒక్కో మనిషికి ఓ ఫోల్డర్. అందులో న్యూ, కర్, టెంప్ అని మూడు అరలు. కొత్తగా వచ్చింది న్యూలో పడుతుంది. మెయిల్ యాప్ దాన్ని చూడగానే కర్‌లోకి జరుగుతుంది. ఇక మీరు చదివారో లేదో, జవాబిచ్చారో లేదో ఫైలు పేరు చివర ఒక్కో అక్షరంగా ఉంటుంది. చదివితే ఎస్, జవాబిస్తే ఆర్. మీ ఇన్‌బాక్స్‌లో బోల్డ్‌గా మెరిసే అక్షరాల వెనకున్న రహస్యం ఇంతే.

వీటన్నిటినీ చూసుకునే కమాండ్ పేరు డవ్‌అడ్మ్. డవ్‌కాట్ అడ్మిన్ అన్నమాట. దాని పక్కన ఏం చేయాలో చెప్పాలి. ‘సెర్చ్’ అంటే వెతుకు. ‘ఎక్స్‌పంజ్’ అంటే చెరిపేయి. తర్వాత ఎవరి పెట్టెలో అన్నది. ‘మైనస్ చిన్న యు’ అని పేరు రాస్తే ఆ ఒక్కరిదే. ‘మైనస్ పెద్ద ఏ’ అంటే అందరిదీ. ఆ తర్వాత ఏ ఫోల్డరు, ఎన్నాళ్ల నాటివి. అంతా కలిపితే ఒక్క లైను. నిజం చెప్పొద్దూ, అలవాటైతే ఇంత హాయైన పని ఇంకోటి లేదు. వెబ్ పేజీలో 312 సార్లు క్లిక్ చేయాల్సింది ఇక్కడ ఒక్క లైనులో అయిపోతుంది. సుఖం ఎక్కడుందో ప్రమాదం కూడా సరిగ్గా అక్కడే ఉంది.

ఆ రాత్రి డిస్కు 97 శాతం నిండిపోయింది. సోమవారం నుంచి ఇంటర్నల్ మార్కుల మెయిళ్లు, అటాచ్‌మెంట్లు వచ్చి పడతాయి. అటాచ్‌మెంట్ మెయిల్‌లోకి ఎక్కాలంటే అక్షరాలుగా మారాలి. అలా మారేసరికి దాని బరువు మూడోవంతు పెరుగుతుంది. 9 ఎంబీ ఫైలు పంపితే 12 ఎంబీ అయి కూర్చుంటుంది. కొత్త డిస్కు ఫైలు అకౌంట్స్ టేబుల్ మీద రెండు నెలలుగా నిద్రపోతోంది. అందుకని అందరి ట్రాష్ ఫోల్డర్లలో నెల దాటినవి తీసేద్దామనుకున్నా. న్యాయమైన ఆలోచనే. వాళ్లు పారేసినవే కదా.

అంతకు పావుగంట ముందు ఓ హెచ్‌ఓడీ సార్ ఫోన్ చేశారు. ‘నా ఇన్‌బాక్స్‌లో నెల దాటినవి ఎన్నున్నాయో చూసి చెప్పవయ్యా’ అన్నారు. చూసి చెప్పా. ఆ కమాండ్ ఇంకా టెర్మినల్ జ్ఞాపకంలోనే ఉంది. పైబాణం నొక్కితే పాత కమాండ్ మళ్లీ వస్తుంది కదా. నొక్కా. సెర్చ్ తీసి ఎక్స్‌పంజ్ పెట్టా. చిన్న యు, సార్ పేరు తీసి పెద్ద ఏ పెట్టా. ఇన్‌బాక్స్ తీసి ట్రాష్ పెట్టాలి.

పెట్టలేదు. ఎంటర్ కొట్టా.

తెర మీద ఏమీ కనిపించలేదు. ఈ ప్రపంచంలో పని సవ్యంగా జరుగుతుంటే నిశ్శబ్దమే జవాబు. టీ కప్పు అందుకుంటూ తలెత్తి ఆ లైను మళ్లీ చదివా. కంట్రోల్ సీ కొట్టేసరికి ఏడెనిమిది సెకన్లు గడిచాయి.

ఇక్కడో సంగతి చెప్పాలి. డవ్‌కాట్ రాసినవాళ్లకి ఈ భయం ముందే ఉంది. ఫోల్డర్ పేరు చెప్పకుండా ఎక్స్‌పంజ్ అంటే ఒప్పుకోదు. ఫోల్డర్ పేరొక్కటే చెప్పినా ఒప్పుకోదు, ఇంకో షరతు అడుగుతుంది. ప్రమాదాలు జరక్కుండా ఇలా పెట్టాం అని ఆ ఎర్రర్ మెసేజ్‌లోనే ఉంటుంది. నా కమాండ్‌లో ఫోల్డరూ ఉంది, షరతూ ఉంది. తప్పు ఫోల్డరని దానికెలా తెలుస్తుంది?

బెంగళూరు అన్నకి ఫోన్ చేశా. గొంతు వినగానే కనిపెట్టేశాడు.

‘తమ్ముడూ, ముందు డవ్‌కాట్ ఆపెయ్. తర్వాత ఏడుద్దాం.’

‘ఆపితే కొత్త మెయిళ్లు పోతాయేమో అన్నా?’

‘పోవు. పోస్ట్‌ఫిక్స్ క్యూలో పెట్టుకుంటుంది. ఐదు రోజులు ఆగుతుంది. ఫోన్లు మాత్రం ఆగవు. ఆపెయ్ ముందు.’

ఎందుకంటే మన ఫోన్‌లోని మెయిల్ యాప్ సర్వర్‌కి అద్దం లాంటిది. సర్వర్‌లో పోయిందని తెలిసిన క్షణం తన దగ్గరున్న కాపీనీ చెరిపేస్తుంది. సర్వర్ మూసేస్తే దానికా కబురు అందదు. కబురు అందనంతసేపు ఆ కాపీలు బతికుంటాయి. ఆపేశా. యూజర్ల జాబితా అక్షర క్రమంలో ఉంది కాబట్టి ‘ఏ’తో మొదలైనవాళ్లు, ‘బీ’లో కొందరు, మొత్తం 23 మంది ఇన్‌బాక్సుల్లో నెల దాటినవన్నీ పోయాయని తేలింది. జాబితాలో కిందున్నవాళ్లు బతికిపోయారు.

74 రాత్రులు నాకు ఉత్తరం రాసింది

బ్యాకప్ ఉంది కదా అనుకుంటున్నారా? నేనూ అదే ధైర్యంతో ఆదివారం పొద్దున బ్యాకప్ డిస్కు తెరిచా. రోజూ రాత్రి 2 గంటలకి దానంతటదే కాపీ అయ్యేలా అన్న ఏర్పాటు చేసి వెళ్లాడు. చివరి కాపీ తేదీ చూస్తే కాళ్లు వణికాయి. 74 రోజుల కిందటిది.

బ్యాకప్ డిస్కు కూడా నిండిపోయింది. కాపీ కావడం లేదని ఆ ప్రోగ్రామ్ చెప్పలేదా అంటే, చెప్పింది. ఇలాంటి పనులు క్రాన్ అనే గడియారం నడుపుతుంది. పని తేడా వచ్చి ఎర్రర్ పడితే ఆ సంగతి మెయిల్ చేస్తుంది. ఎవరికి? సర్వర్ యజమానికి, అంటే రూట్ అనే యూజర్‌కి. రూట్ మెయిల్‌బాక్స్ తెరిచి చూస్తే అందులో చదవనివి 11 వేల పైన ఉన్నాయి. ‘డిస్కులో చోటు లేదు’ అని 74 రాత్రులు వరసగా నాకు ఉత్తరం రాసింది పాపం. 312 మంది మెయిల్‌బాక్సులు చూసుకునేవాణ్ని, నా మెయిల్‌బాక్స్ నేను చూసుకోలేదు.

లెక్క వేస్తే 74 రోజులకి ముందువి బ్యాకప్‌లో ఉన్నాయి. ఈ నెల రోజులవి సర్వర్‌లో ఉన్నాయి. మధ్యలో 44 రోజులు ఎక్కడా లేవు. ఆ 44 రోజుల్లో ఎవరికి ఎన్ని వచ్చాయో చూద్దామంటే లాగ్ ఫైళ్లు నాలుగు వారాలకి మించి ఉంచడం లేదు. పోయినవాటికి జాబితా కూడా లేదన్నమాట. ఏం పోయిందో తెలియకుండా వెతకడం ఎలా ఉంటుందో ఆ రోజే చూశా.

ప్రిన్సిపాల్ గారింటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పా. కోప్పడతారనుకున్నా. ‘ఆ 23 మందికీ నువ్వే ఫోన్ చేసి చెప్పు’ అన్నారు. కోప్పడి ఉంటేనే బాగుండేది.

సోమవారం మిగతా 289 మందికి సర్వర్ తెరిచా. ఈ 23 మంది లాగిన్ మాత్రం మూసే ఉంచా. వాళ్లలో 14 మంది డిపార్ట్‌మెంట్ కంప్యూటర్లలో థండర్‌బర్డ్ వాడతారు. శనివారం సాయంత్రం ఆపిన కంప్యూటర్లు అవి. అటెండర్ బాబాయ్ దగ్గర తాళాలు తీసుకుని పొద్దున్నే ఏడింటికల్లా గదిగదికీ తిరిగి నెట్‌వర్క్ కేబుళ్లు పీకేశా. కేబుల్ లేకుండా థండర్‌బర్డ్ తెరిస్తే మెయిళ్లు ఎక్కడివక్కడ ఉన్నాయి! వాటిని లోకల్ ఫోల్డర్స్‌లోకి కాపీ చేసి, లాగిన్ తెరిచాక, కేబుల్ పెట్టి మళ్లీ ఇన్‌బాక్స్‌లోకి లాగడమే. మొదటి కంప్యూటర్‌లో అవి వరసగా తిరిగొస్తుంటే ఆ మేడమ్ పక్కనే నిలబడి ‘అబ్బో, ఇవన్నీ ఉంచుకున్నానా నేను!’ అని ఆశ్చర్యపోయారు.

ఫోన్ మాత్రమే వాడేవాళ్లు ఆరుగురు. ఫోన్ యాప్‌లు పాతవాటిని పూర్తిగా దాచుకోవు. తెరిచి చదివినవి కొన్ని మిగిలాయి. స్క్రీన్‌షాట్లు తీశాం.

అప్పుడు అన్న ఇంకో దారి చెప్పాడు. ‘నువ్వు చెరిపింది ఇన్‌బాక్సులే కదా. సెంట్ ఫోల్డర్లు ఉన్నాయిగా’ అన్నాడు. నిజమే. కాలేజీలో ఒకరికొకరు పంపుకున్న మెయిల్ అందుకున్నవాడి దగ్గర పోయినా పంపినవాడి దగ్గర ఉంటుంది. డవ్‌అడ్మ్‌లో ‘కాపీ’ అనే మాటతో ఒకరి సెంట్‌లోంచి ఇంకొకరి ఇన్‌బాక్స్‌లోకి తెచ్చిపెట్టొచ్చు. బయటివాళ్లు పంపినదానికి జవాబు రాసి ఉంటే, ఆ జవాబు కింద అసలు ఉత్తరం మొత్తం తగిలించి ఉంటుంది. మనం విసుక్కునే ఆ పొడుగాటి తోకలే ఆ వారం మమ్మల్ని ఆదుకున్నాయి.

కానీ అందుకు అందరి సెంట్ ఫోల్డర్లూ వెతకాలి. రూట్ పాస్‌వర్డ్ ఉన్నవాడికి ఎవరి మెయిలైనా కనిపిస్తుంది. ఈ మాట బయటివాళ్లకి పెద్దగా తెలియదు, మేమూ చెప్పుకోం. ప్రిన్సిపాల్ గారు రాతపూర్వకంగా అనుమతిస్తూ ఓ షరతు పెట్టారు. ఏ మెయిలూ తెరవకూడదు. అందుకే ఎవరి నుంచి, ఎవరికి, ఏ తేదీ అన్న మూడే అడిగా. సబ్జెక్ట్ లైను కూడా అడగలేదు. అది చూసుంటే పని త్వరగా అయ్యేది. చూడనందుకు నాకిప్పటికీ సంతోషమే.

ఇప్పుడు నా పద్ధతి మారింది. ఎక్స్‌పంజ్ కొట్టేముందు అదే లైను సెర్చ్‌తో నడిపి లెక్క చూస్తా. ముందు ఒక్కరి మీద, ఆ తర్వాతే అందరి మీద. పైబాణంతో వచ్చిన కమాండ్‌తో దేన్నీ చెరపను, మొత్తం కొత్తగా టైప్ చేస్తా. ట్రాష్ ఖాళీ చేయడానికి ‘బిఫోర్’ వాడను, ‘సేవ్డ్‌బిఫోర్’ వాడతా. మొదటిది మెయిల్ వచ్చిన తేదీ చూస్తుంది, రెండోది ఆ ఫోల్డర్‌లోకి చేరిన తేదీ. మూడేళ్ల కిందట వచ్చిన మెయిల్‌ని మీరు నిన్న ట్రాష్‌లో వేశారనుకోండి, బిఫోర్ దాన్ని ఈ రోజే లేపేస్తుంది. లేజీ ఎక్స్‌పంజ్ అనే ప్లగిన్ కూడా పెట్టా. చెరిపేసినవి కొన్నాళ్లు వేరే ఫోల్డర్‌లో దాక్కుంటాయి. దానికి ఇంకొంచెం డిస్కు కావాలి. ఆ ఫైలు మీద సంతకం ఒక్క రోజులో అయిపోయింది లెండి. రూట్‌కి వచ్చే మెయిళ్లు ఇప్పుడు నేరుగా నా ఫోన్‌కే వస్తాయి. పొద్దున పళ్లు తోముకునేముందు అవే చూస్తా.

మిగిలింది ముగ్గురు. థండర్‌బర్డ్ లేదు, ఫోన్‌లో మెయిల్ లేదు, బ్రౌజర్‌లోనే చూసుకునేవాళ్లు. అందులో లైబ్రరీలో పనిచేసే అక్క ఒకరు. పీఎఫ్‌లో పేరు తప్పు పడితే సరిచేయమని పెట్టుకున్న అర్జీ నంబరు ఆ 44 రోజుల్లోనే వచ్చింది. నా గుండె జారిపోయింది. ఆవిడ తాపీగా గోడ మీది క్యాలెండర్ తిప్పి, వెనక బాల్‌పెన్నుతో రాసుకున్న నంబరు చూపించారు. ‘మీ కంప్యూటర్లని నమ్ముకుంటానా తమ్ముడూ’ అన్నారు.

రెండో ఆయనకి పోయినవన్నీ సర్క్యులర్లే. ‘ఇంకా ఏమైనా చెరిపే వీలుందా?’ అని అడిగారు.

మూడో ఆవిడ సీనియర్ మేడమ్. రిటైర్మెంట్‌కి ఏడాది ఉంది. సెంట్ ఫోల్డర్ల నుంచి ఆవిడకి 19 మెయిళ్లు తెచ్చిపెట్టా. జాబితా పట్టుకెళ్లి, ‘ఇందులో ఉందా మేడమ్ మీకు కావలసింది?’ అని అడిగా. కళ్లజోడు పెట్టుకుని పై నుంచి కింద దాకా చదివారు. మళ్లీ ఓసారి చదివారు.

‘లేదు బాబూ.’

‘ఎవరు పంపారో చెబితే మళ్లీ పంపమని రాద్దాం మేడమ్.’

‘మళ్లీ పంపేవాళ్లు కాదులే’ అని కాగితం మడిచి నా చేతికిచ్చారు. క్లాసుకి టైమైందని లేచారు. అదేమిటో నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు. కారిడార్‌లో ఎదురైతే ఇప్పటికీ నవ్వి పలకరిస్తారు. జాబితాలో ఆవిడ పేరు ఏడోది.