వేలు కదలక ముందు అర సెకను

"చెయ్యి కదపాలని మనం అనుకోక ముందే మెదడు ఆ పని మొదలుపెట్టేస్తుందట కదా! మరి తప్పు చేసినవాణ్ణి తప్పుపట్టడం దేనికి?" అని ఒక పాఠకుడు అడిగారు. జరిగేదంతా ముందున్న కారణాలను బట్టే జరుగుతుందనే నియతివాదం చాలా పాతది. పాఠకుడు అన్న ఆ "ముందే" అనే మాట వెనకున్న అర సెకను మాత్రం ప్రయోగశాలలో పుట్టింది. దాని కథ మహా రసవత్తరం.

1964లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో హాన్స్ కోర్న్‌హూబర్, ఆయన శిష్యుడు లూడర్ డీకె ఒక చిక్కులో పడ్డారు. మనిషి తనంతట తాను వేలు కదిపే ముందు మెదడులో ఏం జరుగుతుందో చూడాలి. కానీ ఎప్పుడు కదుపుతాడో ఎవరికి తెలుసు? మెదడు విద్యుత్ చలనాన్ని చూపే ఈఈజీ సంకేతాలను టేపు మీద రికార్డు చేసి, టేపును వెనక్కి తిప్పారు. కదలిక దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళుతూ ఎన్నోసార్ల సగటు తీస్తే, కదలికకు చాలా ముందు నుంచే నెమ్మదిగా బలపడుతున్న విద్యుత్ సంకేతం బయటపడింది. అదే రెడీనెస్ పొటెన్షియల్.

1983లో అమెరికాలో బెంజమిన్ లిబెట్ దీనికి ఒక గడియారం జోడించారు. తెర మీద వెలుగుచుక్క 2.56 సెకన్లకోసారి చుట్టి వస్తుంది. తోచినప్పుడు మణికట్టు కదపాలి, ఆ కోరిక కలిగినప్పుడు చుక్క ఎక్కడుందో చెప్పాలి. కోరిక కలిగింది కదలికకు సుమారు 200 మిల్లీసెకన్ల ముందు, మెదడు సంకేతం మొదలైంది 550 ముందు. స్వేచ్ఛా సంకల్పం భ్రమేనని రచయిత శామ్ హారిస్ వంటివారు దీన్ని చూపించి వాదించారు. లిబెట్ అంత దూరం పోలేదు. మొదలైన పనిని ఆఖరి క్షణంలో ఆపేసే శక్తి స్పృహకు ఉందన్నారు.

2012లో ఆరన్ షర్గర్, సహచరులు ఆ సగటునే ప్రశ్నించారు. మెదడులో నాడీకణాల అలజడి ఎప్పుడూ హెచ్చుతగ్గులవుతూనే ఉంటుంది. ప్రత్యేక కారణమేమీ లేకుండా వేలు కదపమంటే, ఆ అలజడి యాదృచ్ఛికంగా ఒక హద్దు దాటినప్పుడు వేలు కదులుతుందన్నారు. ఉదాహరణకు, భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులు తాకి మొదటి ప్రమాద హెచ్చరిక జారీ అయిన రోజులను మాత్రమే ఏరి, వాటి ముందు గంటల నీటిమట్టానికి సగటు గీయండి. గీత చక్కగా పైకే పోతుంది. వరద తేవాలని నది ముందే నిశ్చయించుకుందని దాని అర్థమా? హద్దు తాకిన సందర్భాలను మాత్రమే ఏరుకున్నాం, అంతే!

షర్గర్ బృందం ఊహతో ఆగలేదు. మధ్యమధ్య హఠాత్తుగా ఒక చప్పుడు వినిపించి, వెంటనే మీట నొక్కమన్నారు. చురుగ్గా నొక్కిన సందర్భాల్లో, చప్పుడుకు ముందే మెదడు సంకేతం అదే దిశలో వాలి ఉంది. చప్పుడు ఎప్పుడొస్తుందో వాళ్లకు తెలిసే అవకాశమే లేదు. కాబట్టి ఆ వాలు నిర్ణయం కాజాలదు. ఎంత అందమైన ప్రయోగం!

2019లో ఊరి మావోజ్, లియాద్ ముద్రిక్ తదితరులు మరో అడుగు వేశారు. రెండు స్వచ్ఛంద సంస్థల్లో దేనికి 1000 డాలర్లు అందాలో ఎంచుకోమన్నారు. ఎంపికకు నిజమైన ఫలితం ఉన్నప్పుడు ఆ సంకేతం దాదాపు కనిపించలేదు. ఏది ఎంచినా ఒకటే అయినప్పుడే కనిపించింది.

ఇంతమాత్రాన నియతివాదం ఓడిపోలేదు. అలజడి కూడా భౌతిక నియమాలకు లోబడినదే, యాదృచ్ఛికత స్వేచ్ఛ కాదు. అయినా మణికట్టు ప్రయోగాన్ని కోర్టు బోనెక్కించడం అన్యాయం. భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ చూసేది, మతిస్థిమితం లేకపోవడం వల్ల నిందితుడు తానేం చేస్తున్నాడో, అది తప్పో కాదో గ్రహించలేని స్థితిలో ఉన్నాడా అన్నది. ఆ ప్రశ్నకు లిబెట్ గడియారంలో జవాబు దొరకదు.